జోజి చేతులకు కట్టిన గుడ్డ

ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు నడిపాను. గుడివాడ నుంచి బందరుకి, బందరు నుంచి అవనిగడ్డకి ఎన్ని వేలసార్లు తిరిగానో నాకే తెలియదు. అయినా ఆ దారి గురించి నాలుగు మాటలు రాయాలని ఏనాడూ అనిపించలేదు. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి దారి అంటే గుంతలు, గేదెలు, హారన్ కొట్టినా పక్కకి జరగని ట్రాక్టర్లు. మొన్న వేసవిలో అదే దారిలో మొదటిసారి టికెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఐదు రోజుల ప్రయాణం. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ కనపడ్డ ప్రతివాడికీ అదే చెబుతున్నాను. "చెప్పింది చాలు, ఇక కాగితం మీద పెట్టండి. వినలేక చస్తున్నాం" అంది మా ఆవిడ. అందుకని రాస్తున్నాను.

మా చెల్లెలు లూర్దమ్మ కొడుకు జోజి కతోలిక గురువు అయ్యాడు. మా వాళ్లు 'ఫాదర్ గారు' అంటారు. పదకొండేళ్లు సెమినరీలో చదివి, బిషప్ గారి చేతుల మీదుగా గురుపట్టాభిషేకం పొందాడు. మా తాత పాలేరు. మా నాన్న పాలేరు. నేను డ్రైవర్ని. మా వంశంలో బలిపీఠం వెనక నిలబడిన మొదటి మనిషి మా మేనల్లుడు. ఈ సంగతి ఇంత నెమ్మదిగా చెప్పడం నాకెంత కష్టంగా ఉందో మీకు తెలియదు.

గుడివాడలో రెండు ఫోన్లు

పట్టాభిషేకానికి నెల ముందు జోజి ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఆ రోజు బిషప్ గారు నా అరచేతులకి పరిమళ తైలం పూస్తారు. పూశాక రెండు చేతులూ కలిపి ఒక గుడ్డతో కడతారు. కాసేపటికి అమ్మ వచ్చి విప్పుతుంది. ఆ గుడ్డ నువ్వు తేవాలి."

"ఎలాంటిది తెమ్మంటావురా?"

"తెల్లది. మూరన్నర చాలు."

మేనమామని పట్టుకుని మూరన్నర అంటాడా? ఫోన్ పెట్టేసి, వెంటనే బందరులో కలంకారీ అచ్చులు వేసే సుభానీ గారికి చేశాను. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఆయన బట్టల మూటలు నా బస్సు పైనే వెళ్లేవి. మూడు మీటర్లు, నిండా నెమళ్లు, పక్కన పెద్ద అంచు వెయ్యమన్నాను. ఎందుకని ఆయన అడిగితే "మా వాడి పట్టాభిషేకానికి, ఘనంగా ఉండాలి" అన్నాను.

రెండో ఫోన్ వారం తర్వాత వచ్చింది. ఈసారి చేసింది లూర్దమ్మ.

"అన్నయ్యా, ఆ రోజు వాడి చెయ్యి పట్టుకుని బిషప్ గారి దగ్గరికి నువ్వు తీసుకెళ్లు. కట్టు కూడా నువ్వే విప్పు. నేను మాత్రం రాను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. కన్నతల్లి రాకపోతే ఊరేమనుకుంటుందని కేకలేశాను. తను మాత్రం కదల్లేదు.

సంగతేమిటో మీకు చెప్పాలి. యూదుల్లో ప్రవక్తలని ఉండేవారు. దేవుడు చెప్పమన్న మాటని రాజు ఎదటైనా చెప్పేసే మనుషులు. వాళ్లలో యెషయా అనే ఆయన, ఏసు పుట్టడానికి వందల ఏళ్ల ముందే, ఒక కన్య కడుపున కొడుకు పుడతాడన్నాడు. రాబోయేవాణ్ణి గొర్రెపిల్లని తోలుకెళ్లినట్టు చావుకి తోలుకెళ్తారనీ ఆయనే అన్నాడు. ఆ పాత మాటలు నమ్ముకుని యెరూషలేము గుళ్లో సిమియోను అనే ముసలాయన జీవితమంతా కాచుకున్నాడు. మరియమ్మ గారు నలభయ్యోరోజు బిడ్డని ఎత్తుకుని ఆ గుడికి వెళ్తే, ఆయన బిడ్డని చేతుల్లోకి తీసుకుని ముచ్చటపడ్డాడు. ఆ తర్వాత తల్లి వైపు తిరిగి, నీ గుండెలో కత్తి దిగుతుందమ్మా అని చెప్పాడు. మా గుళ్లల్లో వ్యాకులమాత అని పిలిచే మరియమ్మ గారి విగ్రహానికి గుండెలో కత్తి ఉండేది అందుకే. ఆవిడ ఒళ్లో చచ్చిపోయిన కొడుకుని పడుకోబెట్టిన పటాలు మా ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

లూర్దమ్మ లెక్క సూటిగా ఉంది. "ప్రవక్తలు చెప్పిన మొదటిది జరిగింది. రెండోదీ జరిగింది. దేవుడికిచ్చిన కొడుకు తల్లికంటే ముందు పోతాడు అన్నయ్యా. నాకున్నది వీడొక్కడు."

జోజికి మూడేళ్లప్పుడు వాళ్ల నాన్నని పొలంలో పాము కరిచింది. అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు. లూర్దమ్మ నాట్లు వేసి, కలుపు తీసి, బళ్లో మధ్యాహ్నం భోజనం వండి కొడుకుని పెంచింది. వాడు సెమినరీకి వెళ్తానన్న రోజున సరేనంది. పదకొండేళ్లు సరేనంటూనే ఉంది. తీరా చెయ్యి పట్టుకుని అప్పగించాల్సిన రోజు దగ్గరపడ్డాక భయం పట్టుకుంది.

ఆ మాట జోజికి చెప్పాను. "అమ్మ మనస్ఫూర్తిగా తీసుకురాకపోతే ఈ ఏడు వద్దని బిషప్ గారికి చెప్పేస్తాను మావయ్యా" అన్నాడు. అన్నమాట మీద నిలబడే రకం వాడు, తల్లి పోలిక. పదకొండేళ్ల చదువూ, ఊరి ఆశా, మా అందరి గొప్పా ఆ ఒక్క మనిషి లేచి పదడుగులు నడవడం మీద వచ్చి ఆగాయి. పట్టాభిషేకం వారం రాగానే నేను సంచీ సర్దుకుని రైలెక్కాను.

బందరులో ఏడు తొట్ల నీళ్లు

బందరు రైల్లో నా ఎదురుగా కూర్చున్నాయన మచిలీపట్నం అని పలికితే నేను దిద్దాను. మేం బందరే అంటాం. బోర్డు మీద రాసుకోవడానికి ఆ పేరు, పిలుచుకోవడానికి ఈ పేరు. దిగగానే ఆకలేసి హల్వా పావుకిలో కొన్నాను. చెల్లెలి కోసం కొన్నది స్టేషను బయటికి వచ్చేసరికి సగమైంది.

సుభానీ గారి షెడ్డు పెడన వెళ్లే దారిలో ఉంది. పొడవాటి బల్ల మీద గోనెపట్టాలు పరిచి, పైన గుడ్డ పరిచి, టేకు చెక్క అచ్చుల్ని రంగులో అద్ది పిడికిలితో గుద్దుతూ పోతారు. నల్లరంగు కోసం పాత ఇనపముక్కల్ని బెల్లం నీళ్లల్లో నానబెడతారు. ఆ కుండ దగ్గర నిలబడితే మన ఇంట్లో పాకం పాడైన వాసన వస్తుంది. గుడ్డని ముందుగా కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లల్లో ముంచి ఎండేస్తారు. అందుకని అచ్చులు వేసేటప్పుడు గుడ్డ పసుపుపచ్చగా ఉంటుంది. తర్వాత పారే నీళ్లల్లో జాడించి ఎండలో ఆరేస్తేనే ఆ పసుపు పోయి తెలుపు బయటపడుతుంది.

నా నెమళ్లు తయారుగానే ఉన్నాయి. మూడు మీటర్ల నిండా తోకలు విప్పుకుని ఉన్నాయి. అయితే అవి పసుపు గుడ్డ మీద ఉన్నాయి.

"కాలువ కట్టేశారండీ" అన్నారు సుభానీ గారు. "నాలుగు రోజులైంది. పారే నీళ్లు లేకుండా మూడు మీటర్లు జాడించడం నావల్ల కాదు. వదిలేవరకూ ఆగాల్సిందే."

వేసవిలో కాలువలు కట్టేస్తారని డెల్టాలో చంటిపిల్లాడికైనా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కాలువ గట్ల మీదే బస్సు నడిపినవాడికి తట్టలేదు. పట్టాభిషేకం శనివారం. అది మంగళవారం. నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాను.

ఆయన నాకు టీ తెప్పించి, "అసలు ఈ గుడ్డ ఎందుకో సరిగ్గా చెప్పండి" అన్నారు. చేతులకి కట్టడం, తల్లి విప్పడం, మా చెల్లెలు రానని మొండికెయ్యడం అన్నీ చెప్పాను. ఆయన మొత్తం విని లేచి కత్తెర తీసుకున్నారు.

"చేతులు కట్టడానికి నెమళ్లు దేనికండీ? పిల్లాడు అడిగింది మూరన్నరే కదా" అంటూ నా నెమళ్ల చివర అంచు ఉన్న ముక్కని టక్కున కత్తిరించేశారు. ఎండిన మోడు పక్కనుంచి చిగురు లేచి తీగలా పాకుతున్న అంచు అది. ముక్కలో మిగతా అంతా ఖాళీ. "ఈ మాత్రం ముక్కని పంపు నీళ్లతో చూసుకుందాం. కొట్టడం మాత్రం మీరే."

చేతిపంపు కొట్టాను. ఒక తొట్టి నింపడం, ఆయన జాడించడం, పచ్చనీళ్లు పారబొయ్యడం, మళ్లీ నింపడం. ఏడు తొట్లు. మూడో తొట్టి దగ్గర కాలు జారి పక్కనున్న ఎర్రరంగు బానలో చెయ్యి మోచేతి దాకా పెట్టాను. పట్టాభిషేకం కోసం దాచుకున్న తెల్లచొక్కా అని ముచ్చటపడి అదే వేసుకుని వచ్చాను మరి. ఇప్పటికీ ఆ ఎరుపు పోలేదు. ఆయన రంగు మంచిదని చెప్పుకోవడానికి చొక్కా ఉంచుకున్నాను.

గుడ్డని ఎండేసి ఇద్దరం నీడలో కూర్చున్నప్పుడు ఆయన ఒక మాట అన్నారు. "మరియం గారు మాకూ పెద్దావిడేనండీ. ఆవిడ తల్లి, కడుపులో బిడ్డ ఉండగానే దేవుడికి ఇచ్చేస్తానని మొక్కుకుంది. పుట్టాక ఇచ్చేసింది కూడా. ఆ తల్లి గురించి మేం ఏడుస్తూ చెప్పుకోం. గొప్పగా చెప్పుకుంటాం. మీ చెల్లెలు గారికి నా మాటగా చెప్పండి."

నెమళ్ల గుడ్డకి పద్దెనిమిది వందలు తీసుకున్నారు. ముక్కకి మాత్రం వద్దన్నారు. "తల్లి దగ్గరికి వెళ్లేదానికి ఎలా తీసుకుంటాను?" అన్నారు. ఇలాంటి మనిషి మా జిల్లావాడని చెప్పుకోవడం నాకు గర్వం.

సిస్టర్ గారి మాట

మర్నాడు పొద్దున్నే సిస్టర్ స్కొలాస్టికా గారిని చూడటానికి వెళ్లాను. లూర్దమ్మ చిన్నప్పుడు బందరులో హాస్టల్లో ఉండి ఐదో తరగతి దాకా చదివింది. చదువు చెప్పింది ఈవిడే. ఇప్పుడు ఎనభై దాటిన సిస్టర్లు ఉండే మఠంలో, వరండాలో జపమాల పట్టుకుని కూర్చుని ఉంటారు. చూపు సరిగ్గా లేదు. గొంతు మాత్రం ఇంకా తరగతి గది చివరి బల్లకి వినిపించేంత ఉంది.

పట్టాభిషేకానికి పిలిచి, గుడ్డ చేతిలో పెట్టాను. కళ్ల దగ్గరికి తెచ్చుకుని అంచుని వేళ్లతో తడిమారు.

"ఇది చిగురు కదూ? మోడులోంచి చిగురు లేస్తుందని యెషయా ప్రవక్త అన్నాడు. ఏసు గురించే ఆ మాట. ఎవరు వేశారయ్యా?"

"సుభానీ గారని, ముస్లిం అండి."

"మంచి చెయ్యి." గుడ్డని మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. "దీన్ని ఎక్కడ దాచుకోవాలో లూర్దుకి తెలుసా?"

"దాచుకోవడం ఏమిటండీ? చేతులు తుడిచేసే గుడ్డ కదా."

ఆవిడ నా వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. ఆ గుడ్డ తల్లి సొత్తు. కొడుకు చేతుల తైలం అంటిన ఆ గుడ్డని తల్లి ఉతకదు. జీవితాంతం దాచుకుంటుంది. ఆవిడ పోయిన రోజున, ఆ గుడ్డని ఆవిడ చేతులకి చుట్టి పెట్టెలో పెట్టి మట్టి చేస్తారు. పైకి వెళ్లాక, నువ్వేం తెచ్చావమ్మా అని దేవుడు అడిగితే చేతులు చూపించి, నా కొడుకుని నీకిచ్చాను అని చెబుతుందట.

నిన్నటి దాకా నెమళ్లు కావాలని గోలపెట్టి, ఏడు తొట్ల నీళ్లు కొట్టి, నేను ఉతికించింది మా చెల్లెలి చావు గుడ్డ.

భయం సంగతి సిస్టర్ గారికి చెప్పాను. చిన్నతనంలో లూర్దమ్మకి కత్తి మాట చెప్పింది ఆవిడేనట.

"ప్రతి ఏడూ పిల్లలకి కత్తి గురించి చెప్పాను. ఈ గుడ్డ గురించి ఒక్కళ్లకీ చెప్పలేదు. తప్పు నాది. నువ్వు వెళ్లి చెప్పు" అన్నారు. చెప్పడం అంత తేలికన్నట్టు గుడ్డని నా చేతిలో పెట్టారు.

చల్లపల్లి మీదుగా

బస్సులో డ్రైవరు రెండో గేరులో వెళ్లాల్సిన చోట మూడులో లాగుతుంటే మామూలుగా అయితే లేచి వెళ్లి చెప్పేవాణ్ణి. ఆ రోజు ఊరుకున్నాను. కోసిన పొలాల్లో మినుము కూడా పీకేశారు. మట్టి నెర్రెలిచ్చి ఉంది. కాలువలో అక్కడక్కడా నిలిచిన నీళ్లల్లో గేదెలు పడుకున్నాయి. వాటిని చూస్తూ నేను తేల్చుకున్నది ఒకటే. ఈ గుడ్డ సంగతి లూర్దమ్మకి చెప్పను. కొడుకుని తల్చుకుని భయపడుతున్నదానికి తన చావు గుడ్డ కూడా చూపించడమా? తుడుచుకునే గుడ్డ అని చెబుతాను. సిస్టర్ గారు కావాలంటే నన్ను తర్వాత తిట్టుకుంటారు.

చల్లపల్లిలో దిగి మామిడికాయ పప్పుతో భోజనం చేశాను. మా గుడివాడ హోటళ్లల్లో పప్పు ఇలా పుల్లగా పెడితే వెనక్కి పంపేస్తారు. ఇక్కడ మారు అడిగి మరీ వడ్డిస్తారు. బస్టాండులో తాటిముంజలు అమ్మే ఆవిడ నా పక్కన బెంచీ మీద కూర్చుంది. డజను అరవై రూపాయలంది, యాభైకి ఇచ్చింది. నా ఒళ్లో కాగితం పొట్లం చూసి "కొత్త బట్టలా బాబాయ్?" అంది.

"మా చెల్లెలికి."

"అదృష్టవంతురాలు. మా అన్న నాకు జాకెట్టు ముక్క పెట్టి ఏడేళ్లయింది" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆవిడకి మిగిలిన హల్వా ఇచ్చేశాను.

పులిగడ్డ దగ్గర వంతెన దాటితే దివిసీమ. గాలిలో ఉప్పు తగులుతుంది. అవనిగడ్డలో బస్సు మారి కోడూరు చేరేసరికి సాయంత్రం ఐదయింది. ఆపైన ఆటో. రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిల్లో నీళ్లకి గాలి పట్టించడానికి తిరిగే చక్రాల చప్పుడు. మా చెల్లెలి ఊరు వాటి మధ్యలో ఉంటుంది.

చెల్లెలి ఊళ్లో

ఊరి మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ. నడుమ జోజి, పైన బిషప్ గారు, కింద ఊరి పెద్దలు, ఒక మూలన నేను. కుర్రాళ్లు నా పాత డ్యూటీ ఫొటో ఎక్కడ్నుంచో పట్టుకొచ్చి, ఖాకీ చొక్కాకి కంప్యూటర్లో కోటు తొడిగారు. నేను పది నిమిషాలు అక్కడే నిలబడి చూసుకున్నానని ఒప్పుకుంటున్నాను. తల్లి ఫొటో మాత్రం లేదు. అడిగితే ఇవ్వలేదట.

మా టౌన్లో పట్టాభిషేకమంటే కేటరింగు వాళ్లకి అప్పగించేసి కుర్చీల్లో కూర్చుంటాం. ఇక్కడ ప్రతి ఇంటి నుంచీ కుంచెడు బియ్యం గుడికి చేరాయి. క్రైస్తవుల ఇళ్ల నుంచే కాదు, అందరి ఇళ్ల నుంచీ. చెరువుల వాళ్లు రొయ్యలు పంపారు. గురువారం పొద్దున్నే ఆడవాళ్లు గుడి చుట్టూ పేడనీళ్లు చల్లి ముగ్గులు పెట్టడం మొదలుపెట్టారు. శనివారం దాకా పెడుతూనే ఉన్నారు, కోళ్లు చెరపడం వల్ల.

ఆ మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో అన్నం పెట్టి, లూర్దమ్మ నా సంచీలోంచి పొట్లం తీసింది. వరండాలో వెలుతురుకి గుడ్డ పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎంత బాగుంది అన్నయ్యా! ఇంత మంచిదాన్ని చేతులు తుడవడానికా?"

"ఆఁ. తుడవడానికే."

"నీకు అబద్ధం ఆడటం రాదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, చెవి గోక్కుంటావు."

చెయ్యి దించేశాను. "అదంతా ఎందుకు? రేపు జోజి వస్తాడు. నువ్వు వాడితో నడుస్తావా లేదా చెప్పు."

"చెప్పాగా, నడవను."

"బందరులో ఆ సుభానీ గారు, మరియమ్మ గారిని వాళ్లమ్మ కూడా దేవుడికి ఇచ్చిందన్నారు..."

"ఇచ్చింది, సరే. ఆ బిడ్డకి చివరికి ఏమైంది? కత్తి దిగింది!" అంది. "వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని నేను కూర్చోలేను. వాళ్ల నాన్నని పడుకోబెట్టుకుని కూర్చున్నాను. ఇంకోసారి నావల్ల కాదు."

నాకు కోపం వస్తే నోరు ఆగదు. మా డిపోలో ఎవర్నడిగినా చెబుతారు. "వాడు నీ ఒళ్లో పడుకోవడం ఏంటే పిచ్చిదానా! ఆ గుడ్డ నీ పెట్టెలో పెట్టడానికి! నువ్వు పోయాక నీ చేతులకి చుట్టడానికి!" అని అరిచేశాను.

లూర్దమ్మ చేతిలో గుడ్డ ఉంది. పక్కింటి కోడిపెట్ట వరండా ఎక్కి మెతుకులు ఏరుకుంటున్నా తోలలేదు.

"మళ్లీ చెప్పు" అంది నెమ్మదిగా.

సిస్టర్ గారు చెప్పిందంతా చెప్పాను. తైలం, ఉతక్కుండా దాచుకోవడం, చేతులకి చుట్టడం, పైన చూపించడం. తలెత్తి తన మొహం చూసే ధైర్యం లేక కోడి వైపు చూస్తూ చెప్పాను.

"అంటే ముందు నేను పోతాను" అంది.

తల ఊపాను.

"అప్పటికి వాడు ఉంటాడు. ఉండి నన్ను సాగనంపుతాడు. అంతేనా?"

"అంతే."

"అందరు ఫాదర్ల తల్లులకీ ఇలాగేనా? బిషప్ గారి తల్లికి కూడానా?"

"అందరికీనట."

"మరి కత్తి?"

నేనేం పండితుణ్ణి? తోచింది చెప్పాను. "ఆ ముసలాయన ఆ మాట మరియమ్మ గారికి చెప్పాడు. లూర్దమ్మకని ఎక్కడా చెప్పలేదు. ఆవిడ ఆ కష్టం పడింది కాబట్టే, తర్వాతి తల్లులకి ఈ గుడ్డ దక్కిందేమో."

మా చెల్లెలు గుడ్డని కళ్లకి అద్దుకుంది. ఏడుస్తుందనుకున్నాను. తలెత్తితే నవ్వు మొహం. పెళ్లినాడు చూసిన నవ్వు అది, ఆ తర్వాత మళ్లీ ఇప్పుడే.

"అన్నయ్యా, ఈ అంచు రంగు ఎన్నాళ్లు ఉంటుంది?"

"యాభై ఏళ్లు గ్యారంటీ అన్నారు."

"అన్నేళ్లు అక్కర్లేదులే. ఇరవై చాలు. వాడు కాస్త కుదురుకోవాలిగా." లేచి కోడిని తోలి, బట్టల పెట్టె తెరిచి, పెళ్లిచీర మడతల్లో చోటు చేసింది. ఆ తర్వాత పక్కింటావిణ్ణి కేకేసి, "రేపు ఫ్లెక్సీ కుర్రాణ్ణి రమ్మను, ఫొటో ఇస్తాను" అని చెప్పింది.

పదడుగులు

శనివారం పొద్దున పందిట్లో చోటు లేక జనం గోడలెక్కి కూర్చున్నారు. డప్పులతో ఊరేగింపు వచ్చింది. గుడి లోపల, బిషప్ గారు కుర్చీలో కూర్చున్నాక జోజి పేరు పిలిచారు.

మన ఇళ్లల్లో అప్పగింతలంటే ఆడపిల్లవే చూశాం. తల్లి ఏడుస్తుంది, పిల్ల ఏడుస్తుంది, చూసేవాళ్లూ ఏడుస్తారు. ఇక్కడ అప్పగించేది కొడుకుని. లూర్దమ్మ ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. పదిహేను వందల చీర, తను వండిపెట్టిన బడి టీచర్లు కొనిపెట్టారు. జోజి చెయ్యి పట్టుకుని మొదటి బల్ల దగ్గర్నుంచి నడిచింది. వాడు కొంచెం తల వంచుకున్నాడు కానీ తను వంచలేదు. పొలం గట్టు మీద నడిచినట్టు తిన్నగా నడిచి, కొడుకు చెయ్యిని బిషప్ గారి చేతిలో పెట్టి, "తీసుకోండి అయ్యా" అంది. నేను ముప్పై ఒక్క ఏళ్లల్లో లక్షలమందిని గమ్యం చేర్చాను. అలాంటి నడక చూడలేదు.

ఆచారం ప్రకారం వాడు నేల మీద బోర్లా పడుకున్నప్పుడు అందరం మోకరించి పునీతుల పేర్లు పిలిచాం. తర్వాత బిషప్ గారు అరచేతులకి తైలం పూశారు. గుడంతా సుగంధం. మూరన్నర గుడ్డతో చేతులు కట్టారు. చిగురు అంచు సరిగ్గా మణికట్టు మీదికి వచ్చింది. మూడు మీటర్ల నెమళ్లు తెచ్చి ఉంటే పిల్లాడు మోచేతుల దాకా మునిగిపోయేవాడు. తల్లి వెళ్లి ముడి విప్పింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టి గుండెకి ఆనించుకుని పక్కన నిలబడింది.

పూజ అయ్యాక కొత్త గురువు మొదటి ఆశీర్వాదం తల్లికే ఇస్తాడు. అది మా ఆచారం. లూర్దమ్మ మోకరించింది. జోజి తన తల్లి తల మీద చేతులు పెట్టి ఆశీర్వదించాడు. ఆ తర్వాత తల్లి వాడి అరచేతులు ముద్దు పెట్టుకోవాలి. అందరం దానికోసం చూస్తున్నాం.

తను ముద్దు పెట్టుకోలేదు. లేచి నిలబడి, మడతపెట్టిన గుడ్డ తీసి వాడి రెండు చేతుల్లో పెట్టింది.

"ఫాదర్ గారూ" అంది. ఇరవై తొమ్మిదేళ్లు 'ఒరేయ్' అని పిలిచిన కొడుకుని.

వాడు ఉలిక్కిపడ్డాడు.

"ఫాదర్ గారూ, దీన్ని నా చేతులకి కట్టాల్సింది మీరే. ఇంకెవరూ కట్టడానికి వీల్లేదు. అందుకని అప్పటిదాకా మీరుండాలి. నేను పోయేదాకా మీరు పోకూడదు. నా కొడుకుని ఇచ్చాను, ఊరికే ఇవ్వలేదు. ఆ మాట ఇచ్చి గుడ్డ వెనక్కి ఇవ్వండి."

జోజి మెడలో మైకు ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. పందిట్లో వాళ్లూ, గోడల మీద వాళ్లూ, రోడ్డు మీద ఆటోల్లో వాళ్లూ అందరూ విన్నారు. బిషప్ గారు కళ్లజోడు తీసి పట్టుకున్నారు.

"ఉంటానమ్మా" అన్నాడు జోజి. గుడ్డ తల్లి చేతిలో పెట్టాడు.

అప్పుడు ముద్దు పెట్టుకుంది.